అగ్గిపాము దిగే వేళ

అంగారగిరిని దూరం నుంచి చూసినవాళ్ళు కొండ అనుకుంటారు. దగ్గరికి వచ్చినవాళ్ళు పొయ్యి అనుకుంటారు. నల్లరాతి చరియలు ఒకదాని భుజం మీద ఒకటి కాలు మోపి ఆకాశంలోకి ఎగబాకుతుంటాయి. వాటి సందుల్లోంచి కుంకుమరంగు ఆవిరి, ఆరేసిన చీరల్లా వేలాడుతుంటుంది. సెలయేళ్ళు మడుగుల్లో పడి సలసల కాగుతుంటాయి. అక్కడ గడ్డి మొలవదు, పక్షి వాలదు. కొండ నడుమున ఒక గుహ. గుహ నిండా మణికుండల రాజుల బంగారం. ఆ బంగారం మీద, కాళ్ళూ రెక్కలూ ముడిచి, ఒళ్ళంతా చుట్టగా చుట్టుకుని అగ్గిపాము.

తెల్లవారినప్పటి నుంచి యువరాజు ఉదయసేనుడు గుహకు ఎదురుగా ఒక బండ చాటున బోర్లా పడుకుని ఉన్నాడు. ఊరికే ఉండటం అతనికి పుట్టుకతో రాలేదు. కొలువులో కూర్చుంటే పీఠం కిర్రుమంటుంది, గుర్రమెక్కితే కాళ్ళు ఆడుతుంటాయి, నిద్రలో కూడా పక్క చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేస్తాడని అంతఃపురంలో చెప్పుకుంటారు. అలాంటివాడు ఇంతసేపు బండకు అతుక్కుని పడి ఉండాల్సి వచ్చింది. కుడికాలు మాత్రం మాట వినక, రాతి మీద టకటక కొట్టుకుంటూనే ఉంది.

"ఆ కాలు ఆపు దొరా. దాని చప్పుడికి పాము కంటే ముందు నేను చచ్చేట్టున్నా" అన్నాడు పక్కనున్న నల్లజంగిలి.

నల్లజంగిలి ఏడు పరగణాల్లో పేరుమోసిన గజదొంగ. నిన్న అడవిలో యువరాజు గుర్రాన్నే కొట్టేయబోయి దొరికిపోయాడు. దొరికినవాడిని కట్టేయడానికి కూడా తీరిక లేని తొందరలో ఉన్న యువరాజు, గుహలో చేతికి అందిన బంగారమంతా నీది, నాకు ఒక్క ఎర్రరాయి చాలు, దారి చూపించు అన్నాడు. అంత మంచి బేరం జంగిలి జన్మలో ఎరగడు. అందుకే అనుమానంగా వెంట వచ్చాడు.

ఉదయసేనుడు నడుం పట్టీలోంచి ఒక చందనపు బొమ్మ తీసి చూసుకున్నాడు. జానెడు బొమ్మ. అతని చెల్లెలు కువలయ పోలికలు దిగిపోయినట్టు ఉన్నాయి. పొద్దున అది మోకాళ్ళ దాకా రాయిగా మారి ఉంది. ఇప్పుడు నడుం దాకా వచ్చింది. వేలితో తడిమితే రాయి ఎక్కడ ఆగిందో, చందనం ఎక్కడ మొదలైందో తెలుస్తోంది. రాజధానిలో, కొలువుకూటం మధ్యన నిలబడ్డ చెల్లెలి ఒళ్ళు కూడా సరిగ్గా అంతవరకే రాయి అయింది. బొమ్మను మళ్ళీ దోపుకుని అతను పళ్ళు నూరాడు.

ఇదంతా రాజగురువు ధూమకేతనుడు చేసిన పని. మణికుండల రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం నాడు కొత్తరాజు గుమ్మడికాయంత బంగారు గుడ్డు పోతపోయించి, దాని మీద తన ముద్ర వేయించి, అంగారగిరి గుహలో పెట్టి రావాలి. వచ్చేటప్పుడు అక్కడున్న ఎర్రరాయి ఒకటి తెచ్చి రాజగురువు చేతిలో పెట్టాలి. గురువు కొండ కింద నిలబడి మంత్రించిన మత్తుపొగ వేస్తాడు, పాము తూగుతుంది, రాజు చల్లగా వెళ్ళి వస్తాడు. ఎందుకు పెట్టాలి, ఎందుకు తేవాలి అని అడిగినవాడు లేడు. బంగారం పాముకి కానుక, రాయి గురువుకి దక్షిణ, పాము నిధికి కాపలా అని చెప్పుకుని అందరూ హాయిగా ఉన్నారు.

ఒక్క శాంతసేన మహారాజు, ఉదయసేనుడి తండ్రి, బంగారు గుడ్డు లోపల పెట్టి ఉత్తచేతులతో బయటికి వచ్చాడు. రాయి ఏదంటే తేలేదన్నాడు. ఎందుకంటే నోరు విప్పలేదు. పాము కన్ను తెరిచి ఉంటుంది, రాజుగారి కాళ్ళు వణికి ఉంటాయి అని జనం తీర్మానించారు. పిరికి శాంతసేనుడన్న పేరు ఆయన చితి దాకా వెంట వచ్చింది. చిన్నప్పుడు ఆ మాట అన్న ప్రతివాడి పన్నూ ఊడగొట్టి ఉదయసేనుడు ఇంటికి వచ్చేవాడు. కొట్టడమైతే కొట్టాడు గానీ, లోలోపల తనూ ఆ మాట నమ్మాడు. ఆ సిగ్గు అతన్ని ఒక చోట నిలవనిచ్చేది కాదు.

ఇప్పుడు తండ్రి పోయాడు. ముసలి ధూమకేతనుడు చేతులు వణుకుతుండగా సభలోకి వచ్చి, గుహలో ఇక ఒక్క రాయే మిగిలింది, వెంటనే తెప్పించమన్నాడు. మత్తుపొగ వేసే శక్తి తనకు ఇప్పుడు లేదన్నాడు. మేలుకున్న పాము ముందుకి యువరాజును ఎలా పంపుతామని మంత్రులు నసిగారు. అంతే, గురువు మంత్రదండం కువలయ వైపు తిరిగింది. ఆమె పాదాలు రాయి కాగానే, ఆమెతో పాటే రాయి అయ్యే చందనపు బొమ్మను అతను యువరాజు చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దు వాలేసరికి రాయి ఆమె గొంతు దాటుతుంది. ఆ తర్వాత నేను తలుచుకున్నా విడిపించలేను. నేను కొండ కింద వంతెన దగ్గర ఉంటాను నాయనా. పొద్దు వాలేదాకా గాలి గుహ మీంచి లోయలోకి వీస్తుంది, తర్వాత ఎదురు తిరుగుతుంది. గాలి మళ్ళిందంటే నేను ఉండను. మా గురువుల వాసన దానికి తెలుసు" అన్నాడు.

గురువుల వాసన పాముకి ఎందుకు తెలియాలో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఉన్నట్టుండి కింద బూరలు మోగాయి. ఎవరో పరదేశపు వీరుడు, వెండి కవచం తళతళలాడుతుండగా, శూలం పట్టుకుని చరియ మీదికి గుర్రాన్ని దౌడు తీయిస్తున్నాడు. వెనక అతని పరివారం జయజయధ్వానాలు చేస్తోంది.

"వీడొకడు. నెలకొకడు వస్తూనే ఉంటాడు" అన్నాడు జంగిలి, సుఖంగా మోచేతి మీద ఒరిగి.

వీరుడు గుహవాకిట్లోకి దూసుకుపోయి శూలం విసిరాడు. అది పాము మెడకు తగిలి, పొలుసుల మీద ఎగిరి, ముక్కలై పడింది. అగ్గిపాము తల ఎత్తింది. ఒంటి మీద పొలుసులన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకుని అది ఉన్నదానికి రెండింతలైంది. గొంతులో ఏదో దీర్ఘంగా గురగురలాడింది. మరుక్షణం దాని నోట్లోంచి మంట నాలుకలు చాచి వాకిలంతా నాకింది. గుర్రం రౌతును వదిలేసి లోయలోకి పరుగెత్తింది. రౌతు ఎర్రగా కాలిన కవచం విప్పి పారేస్తూ, జుట్టు పొగలు కక్కుతుండగా, గుర్రాన్ని మించిన వేగంతో దాని వెనకే పోయాడు. పరివారం అతనికంటే ముందే వెళ్ళిపోయింది.

ఉదయసేనుడు వాళ్ళను చూడటం లేదు. అతని కళ్ళు పాము మీదే ఉన్నాయి. అంత కోపంలోనూ అది ఉన్నచోటి నుంచి లేవలేదు. తరమలేదు. శత్రువు పోగానే పొలుసులు దించుకుని, గడ్డం వంచి, పక్కకు దొర్లిన ఒక బంగారు గుడ్డును మెల్లగా కడుపు కిందికి లాక్కుంది. అటూ ఇటూ కదిలి, సర్దుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

యువరాజు కాలు ఆడటం ఆగిపోయింది.

"జంగిలీ, అది కాపలా కాయడం లేదు."

"మరేం చేస్తంది, తపస్సా?"

"పొదుగుతోంది."

జంగిలి అతని నుదురు తాకి చూశాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని అతని అనుమానం.

చిన్నప్పుడు, శత్రువులు కోటను పట్టుకున్న కాలంలో, అన్నాచెల్లెళ్ళిద్దరినీ దాది పోలక్క తన ఇంట్లో దాచింది. ఆమె ఇంటినిండా కోళ్ళు. ఉదయసేనుడు వాటి వెనక పరుగెత్తేవాడు, కువలయ వాటి పక్కన కూర్చునేది. పొదుగుకు కూర్చున్న పెట్ట దగ్గరికి చెయ్యి పోనిస్తే ఈకలన్నీ రేపి ఇలాగే గురగురలాడేది. ఒకసారి పోలక్క గుడ్లన్నీ తీసి అమ్ముకుని గంపలో గుండ్రటి రాళ్ళు పెడితే, ఆ పెట్ట ఆ రాళ్ళ మీదే కూర్చుని ఎండిపోయింది. కువలయ ఏడ్చి గోల చేస్తే పోలక్క సిగ్గుపడి, పక్కింటి నుంచి నిజం గుడ్లు తెచ్చి పెట్టింది.

"పొదుగుకోడి రోజుకొక్కసారి గంప దిగుతుంది. నీళ్ళు తాగి, నాలుగు గింజలు ఏరుకుని, అన్నం పొంగేలోగా మళ్ళీ ఎక్కేస్తుంది. అప్పుడు తప్ప గంపలో చెయ్యి పెట్టకూడదు అనేది పోలక్క" అన్నాడు ఉదయసేనుడు.

"అయితే మనమిప్పుడు చేసే పనేంది?"

"అది దిగేదాకా కదలకుండా కూర్చోవడం."

"నువ్వు?" అన్నాడు జంగిలి.

ఆ ఒక్క మాటకు యువరాజు చెవులు ఎర్రబడ్డాయి. మనిషి వాసన తెలియకుండా ఉండటానికి, చరియ మీద గుట్టలుగా పడి ఉన్న పాము పెంటను బూడిదలా నలిపి ఇద్దరూ ఒళ్ళంతా పూసుకున్నారు. నల్లజంగిలి తన వృత్తిలో చాలా చూశానన్నాడు గానీ, ఇలాంటిది పూసుకున్నది మాత్రం ఇదే మొదలన్నాడు. ముక్కు మూసుకుని, రాజులకు పన్నీరూ గంధమూ రాస్తారని విన్నానే అని నిట్టూర్చాడు.

నడినెత్తికి పొద్దు వచ్చింది. గుహలో బంగారం ఘల్లుమంది. అగ్గిపాము వాకిట్లోకి వచ్చి ఒళ్ళు విరుచుకుంది. రెక్కలు విప్పితే ఎండ మరుగైంది. మెడ దగ్గర నిప్పుకణికల ఎరుపు, వీపు మీద నెమలి పింఛపు నీలి ఆకుపచ్చ, తోక కొసకు వచ్చేసరికి పాలిపోయిన పసుపు. కానీ దగ్గరగా చూస్తే ఆ మెరుపు కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పొట్ట మీద పొలుసులు ఊడిపోయి, తోలు అరిగి నున్నబడింది. అది ఒక్క ఊపున గాల్లోకి లేచి, ఆవిరి మడుగుల వైపు దిగింది.

"పద" అన్న మాట పూర్తి కాకముందే ఉదయసేనుడు గుహలో ఉన్నాడు.

లోపల కళ్ళు చెదిరాయి. జంగిలి వెలిగించి ఇచ్చిన కాగడా వెలుగులో గోడలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. కిరీటాలు, కేయూరాలు, ముత్యాల జల్లులు, పిడులకు పచ్చలు పొదిగిన కత్తులు గుట్టలు పడి ఉన్నాయి. ఎవరెవరో దొంగలూ వీరులూ పారేసుకుపోయిన డాళ్ళూ వాటిలో కలిసిపోయాయి. జంగిలి మోకాళ్ళ మీద కూలబడి, ఆనందంగా గోనెసంచి విప్పాడు. ఉదయసేనుడు ఆ సొమ్ములు తొక్కుకుంటూ నడిమధ్యకు పోయాడు. అక్కడ గుండ్రటి పల్లంలో బంగారు గుడ్లు. ఒక్కోదాని మీద ఒక్కో రాజముద్ర. తాతముత్తాతల ముద్రలన్నీ వరసగా ఉన్నాయి. ఏ కోడీ పెట్టని ఆ గుడ్లను పాము ఒకదానికొకటి ఆనించి ఎంత శ్రద్ధగా పేర్చుకుందో చూసి, వాటికి కాలు తగలకుండా అతను జాగ్రత్తగా అడుగు వేశాడు.

ఒకటి పెట్టాలి, ఒకటి తేవాలి. ఆ ఆచారానికి అర్థం అతనికి అప్పుడు తెలిసింది. ప్రతి రాజూ బంగారు గుడ్డు పెట్టి, ఎర్రరాయి పేరుతో నిజం గుడ్డు ఎత్తుకుపోయాడు. గంపలో రాళ్ళు పెట్టిన పోలక్క కనీసం సిగ్గుపడింది.

చివరగా శాంతసేనుడి ముద్ర కనిపించింది. దాన్ని పక్కకు దొర్లించాడు. దాని చాటున, ఇన్నేళ్ళూ దాచిపెట్టినట్టు, ఎర్రరాయి ఉంది. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. పోలక్క చీకటి కొట్టంలో గుడ్లను దీపానికి పట్టి చూసినట్టే దాన్ని కాగడాకు అడ్డంగా పట్టాడు.

ఎర్రటి పెంకు లోపల దారప్పోగుల్లా నరాలు. నరాల నడుమ ముడుచుకున్న ఒక చిన్న రెక్క. రెక్క కింద ఆవగింజంత చుక్క. అది కొట్టుకుంటోంది.

తండ్రి ఇక్కడే నిలబడ్డాడు. ఇలాగే కాగడా పట్టుకుని చూశాడు. చూసి, గుడ్డును ఉన్నచోటే పెట్టి, తన బంగారాన్ని దానికి అడ్డం పెట్టి, ఉత్తచేతులతో బయటికి పోయాడు. గుట్టు బయటపడితే గురువు ఇంకొకరి చేత తెప్పిస్తాడని జీవితాంతం నోరు మూసుకుని, పిరికివాడన్న పేరు మోశాడు. ఉదయసేనుడికి కళ్ళు మండాయి. పన్ను ఊడగొట్టించుకున్నవాళ్ళ కంటే తనకే ఎక్కువ దెబ్బలు పడాల్సిందనిపించింది.

"దొరికింది కదా, నడు దొరా" అన్నాడు జంగిలి. సంచి అప్పటికే అతని భుజం ఎత్తయింది.

"ఇందులో ప్రాణం ఉంది జంగిలీ."

"మీ చెల్లెమ్మలోనూ ఉంది."

ఆ మాట నిజం. అతను బొమ్మను తడిమాడు. రాయి రొమ్ము దాకా వచ్చింది. ఈ గుడ్డు వంతెన దగ్గర ఇచ్చేస్తే కువలయ రేపు నడుస్తుంది. గంపలో రాళ్ళను చూసి ఏడ్చిన కువలయ. దేన్ని ఇచ్చి తనను విడిపించావని అడిగితే ఆమెకు ఏం చెప్పాలి?

అంతలో ఖంగుమని కంచు మోగినట్టయింది. జంగిలి ఆశ పట్టలేక ఒక బంగారు గుడ్డు కూడా సంచిలో వేయబోయాడు. అది చేజారి, రాతి మెట్ల మీద దొర్లుకుంటూ వాకిలి దాటి చరియ మీదికి పోయింది. మడుగు వైపు నుంచి ఒక అరుపు వినిపించింది. అది కోపపు అరుపు కాదు, గుండె పగిలినవాళ్ళ అరుపు.

"దాక్కో" అన్నాడు ఉదయసేనుడు.

జంగిలి సంచితో సహా కిరీటాల గుట్టలోకి దూరిపోయాడు. యువరాజుకు దాక్కునే చోటు లేదు. వాకిట్లో రెక్కల చప్పుడు. అతను కాగడా ఆర్పి, గుడ్డును గుండెకు హత్తుకుని, చుట్టూ ఉన్న బంగారు గుడ్లను పక్కలకు తోసి, ఆ ఖాళీలో వెల్లకిలా పడుకున్నాడు. పాము జారిపోయిన బంగారు గుడ్డును నోట కరుచుకుని తెచ్చి, పల్లం అంచున దించింది. ఇంత దగ్గరగా ఉన్నా దానికి తన వాసన తప్ప మరో వాసన తగల్లేదు. తర్వాత అది ఎప్పటిలాగే అటూ ఇటూ కదిలి, అతని మీద కూర్చుంది.

జన్మలో కదలకుండా ఉండనివాడు ఇప్పుడు కదిలితే చస్తాడు. పైన కొలిమిలాంటి పొట్ట. కింద బంగారం మాత్రం మంచులా చల్లగా ఉంది. ఎంత వేడి ఇచ్చినా ఆ బంగారమే తాగేస్తోంది. అప్పుడు అర్థమైంది అతనికి. ఇన్నేళ్ళూ తల్లి పొదుగుతూనే ఉంది, గుడ్డుకు మాత్రం వెచ్చదనం అందనే లేదు. పోలక్క పిడుగుల భయానికి గంపలో ఒక ఇనుపముక్క వేసేది. రెండోది వేయబోతే ఒప్పుకునేది కాదు, గుడ్లు చల్లబడతాయనేది.

అతను రెండు చేతులతో గుడ్డును పైకెత్తి, అరిగిన ఆ తోలుకు ఆనించి పట్టుకున్నాడు. తన వీపును బంగారానికీ గుడ్డుకూ మధ్య అడ్డం వేశాడు. చెమట ఏరులైంది. మోచేతులు లాగాయి. కుడికాలు ఒక్కసారి ఆడబోయింది. దాన్ని ఎడమకాలితో తొక్కిపట్టాడు. ఎంతసేపలా ఉన్నాడో తెలియదు. బొమ్మ నడుముకు ఒత్తుకుంటూనే ఉంది. రాయి ఎంతవరకు వచ్చిందో తడిమి చూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నువ్వు ఓపిక పట్టు కువలయా అని మనసులోనే అనుకున్నాడు. ఓపిక అనే మాట అతని నోట అంతకుముందెప్పుడూ పలకలేదు.

టక్.

అరచేతికి తగిలింది. మళ్ళీ టక్. పెంకు చిట్లింది. లోపలిది తన్నుకుంటోంది గానీ బయటికి రాలేకపోతోంది. ఏళ్ళ తరబడి ఎండిన పొర గట్టిపడి అంటుకుపోయింది. పెంకు మనం ఊడదీస్తే పిల్ల బతకదనేది పోలక్క. పొర ఎండితే మాత్రం కాస్త ఎంగిలి రాసి తడపమనేది. ఉదయసేనుడు నోరు తడిచేసుకుని, మణికుండల సింహాసనానికి వారసుడు చేయదగని ఆ పని శ్రద్ధగా చేశాడు. పొర మెత్తబడింది. చీలింది. తడితడిగా ఏదో అతని గడ్డం మీద పడి, పిల్లిపిల్ల గొంతుతో కీచుమంది.

పైన పొట్ట బిగుసుకుంది. అగ్గిపాము ఊపిరి ఆగింది. పిల్ల మళ్ళీ కీచుమంది. కొండంత ఒళ్ళు మెల్లగా, చాలా మెల్లగా లేచింది. కమ్మీల్లాంటి కోరల మధ్య నుంచి వేడిగాలి ఉదయసేనుడి ముఖానికి కొట్టింది. అరచేతులంత కళ్ళు రెండు అతని మీదికి వంగాయి. కత్తి ఒంటి మీదే ఉందని అతనికి గుర్తుంది. దాని జోలికి పోలేదు. పిల్లను పట్టుకున్న రెండు చేతులూ పైకి చాచాడు.

పాము నాలుక పిల్లను ఒకసారి తాకింది. మరోసారి తాకింది. తర్వాత, పిల్లను పట్టుకున్న చేతులను కూడా నాకింది. చర్మం చురుక్కుమంది గానీ అతను చేతులు వెనక్కి తీసుకోలేదు.

చిక్కు అప్పుడొచ్చింది. పిల్లను తల్లి ముందు దించి అతను రెండడుగులు వెనక్కి వేశాడు. పిల్ల కూడా తడబడుతూ అతని వెనకే వచ్చింది. కళ్ళు తెరవగానే మొదట చూసిన ముఖం అతనిదే మరి. అతను పక్కకు జరిగితే అదీ జరిగింది. పిల్ల వెనక తల్లి అడుగు వేసింది. పల్లంలోంచి బయటికి వచ్చేటప్పుడు దాని తోక తగిలి బంగారు గుడ్లన్నీ చెల్లాచెదురుగా దొర్లిపోయాయి. అది తల తిప్పి చూడలేదు.

కిరీటాల గుట్టలోంచి జంగిలి తల పైకి లేచింది. సంచి ఈడ్చుకుంటూ పాము ముక్కు కిందుగా ఒకసారి నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. రెండోసారి కావాలనే సంచిని గలగలలాడించాడు.

"ఇటు చూడనైనా చూళ్ళేదు దొరా" అన్నాడు, మొహం చిన్నబోయి. కాసేపు నిలబడి సంచి కేసి చూశాడు. దాన్ని అక్కడే కుమ్మరించేశాడు. "కాపలా లేని సొమ్ము ఎత్తుకెళ్తే నన్నెవడు దొంగంటాడు? పేరు పోద్ది."

ఉదయసేనుడు నవ్వలేకపోయాడు. శాంతసేనుడి ముద్ర ఉన్న గుడ్డును మాత్రం చంకన పెట్టుకుని, బొమ్మ తీసి చూశాడు. రాయి మెడ దగ్గరికి వచ్చింది. పరుగు లంకించుకున్నాడు. అతని వెనక పిల్ల, పిల్ల వెనక తల్లి, అందరికీ బాగా వెనకగా జంగిలి.

చరియ దిగువన, నిప్పులు కక్కే అగాధం మీద రాతి వంతెన ఉంది. అవతలి కొసన ధూమకేతనుడు నిలబడి ఉన్నాడు. తెల్లటి ఉత్తరీయం కొండగాలికి లోయ వైపు రెపరెపలాడుతోంది. పొద్దు శిఖరాన్ని ముట్టుకుంటోంది. వంతెనకు ముందున్న మలుపులో, పెద్ద బండ చాటున, పిల్లను తల్లి కాళ్ళ మధ్యకు తోసి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు యువరాజు. జంగిలి తన నెత్తి మీది తలపాగా విప్పి పిల్ల ముందు ఆడిస్తూ దాన్ని అక్కడే ఆపాడు. ఉదయసేనుడు ఒక్కడే వంతెన మధ్యకు వెళ్ళాడు.

"తెచ్చావా నాయనా?" అన్నాడు గురువు. చాచిన చేతులు వణుకుతున్నాయి. వాటి మీది చర్మం వయసును దాటిపోయి ముడతలు పడింది.

"గురుదేవా, మా తాతల కాలంలో రాజగురువు పేరేమిటి?"

"ధూమకేతనుడు. మా పీఠంలో అందరిదీ అదే పేరని తెలియదా? రాయి ఇవ్వు."

"అందరిదీ అదే పేరు కాదు. అందరూ ఒక్కరే. మా వంశంలో ఒక్కో రాజూ ఒక్కో గుడ్డు తెచ్చి ఇచ్చాడు, మీరు దాన్ని తాగి మళ్ళీ పడుచువాడయ్యారు. మా నాన్న ఒక్కడే ఇవ్వలేదు. అందుకే మీ చేతులు వణుకుతున్నాయి. తాగిన గుడ్ల వాసన మీ ఒంట్లో ఉంది, అందుకే గాలి మళ్ళితే ఉండనన్నారు." ఉదయసేనుడు బంగారు గుడ్డు తీసి వంతెన రాతి మీద పెట్టాడు. "మీకోసం తెచ్చింది ఇది. మీరు అడిగింది పిల్లయింది. దాని తల్లితో సహా ఆ మలుపులో కూర్చుని ఉంది."

ధూమకేతనుడు మలుపు వైపు చూశాడు. బండ పైన, పొద్దు వెలుగులో, నెమలిరంగు వీపు కొద్దిగా కనిపించింది. అతని పెదాలు పాలిపోయాయి. అయినా మాట తడబడలేదు.

"నన్ను కాల్చిందంటే నీ చెల్లెలు ఎప్పటికీ రాయే. ఆ విడిపించే మాట నా నోట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు."

"తెలుసు. అందుకే మీకు ఎదురుగా నిలబడ్డాను. ఆ మాట చెప్పి మీ దారిన మీరు పొండి, నేను ఆపను. మీ వాసన ఇంకా ఆ తల్లిపాముకి అందలేదు."

"ముందు నన్ను లోయ దాటనివ్వు. అక్కడి నుంచి చెబుతాను."

"లేదు. ఇక్కడే చెప్పాలి."

ఉదయసేనుడు కదలకుండా నిలబడ్డాడు. అరచేతిలో బొమ్మ బరువెక్కుతోంది. బొటనవేలు దాని గొంతు మీద ఉంది. ఇంకా పిసరంత చందనం మిగిలింది. గురువు అతని కళ్ళలోకి చూస్తూ, బేరం ఇంకెంత సాగుతుందా అన్నట్టు, పెదవులు తడుపుకున్నాడు.

అప్పుడే లోయ వైపు రెపరెపలాడుతున్న ఉత్తరీయం జారి నిటారుగా వేలాడింది. ఒక్క క్షణం అది ఎటూ ఆడలేదు. తర్వాత దాని అంచు, ఎవరో వేలితో ఎత్తినట్టు, మెల్లగా కొండ వైపు లేచింది.

మలుపులో పిల్ల ఆట ఆగింది. బండ మీంచి అగ్గిపాము తల పైకి లేచి, గాలిని పీల్చింది.